వర్షోదకము – దాసోహ ధర్మము

వైశాఖ శుద్ధ తదియ బసవ జయంతి. ఎండలు ముదిరిన ఆ దినములలో శరణులు దారి ప్రక్కన పందిరి వేసి, క్రొత్త కుండలను ఇసుకపై నిలిపి, బాటసారులకు చలివేంద్రము నడుపుట వాడుక. ఉప్పల్ దాటి వరంగల్లు పోవు రహదారిమీది పీర్జాదిగూడ వంటి తావున ఆ పందిరి నీడన ఆగి దప్పిక తీర్చుకొనువారికి కొదువ యుండదు. అది పుణ్యకార్యమే. అయినను ఆ కుండలోని నీరు ఎక్కడిదని అడుగువారు అరుదు. వేసవిలో అది పెక్కుసార్లు ట్యాంకరులో వచ్చిన నీరు. ఆ ట్యాంకరు మరియొక ఊరి బోరుబావి యొద్ద నిండినది. ఒక ఊరి భూగర్భమును తోడి మరియొక ఊరి దప్పిక తీర్చినచో, అది దానమగునా, లేక ఒకరి విస్తరిలోని అన్నమును తీసి వేరొకరి విస్తరిలో వడ్డించుట యగునా? చలివేంద్రము నడుపు భక్తుడే ఈ ప్రశ్నను మొదట వేసికొనవలసి యున్నది.

పీర్జాదిగూడ కొంతకాలము క్రిందటి వరకు పొలములు, దిగుడు బావులు గల గ్రామము. దక్షిణమున మూసీ నది ప్రవహించును. నేలవాలు ఆ వైపునకే గాన కురిసిన వాన కుంటలు నింపుకొనుచు, మిగిలినది వాగులగుండ నదిని చేరెడిది. నగరము తూర్పునకు ప్రాకుటతో పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లు కాలనీలయినవి. 2019లో ఆ ఊరు నగరపాలక సంస్థ హోదాను పొందినది. ఇండ్లు పెరుగుట తప్పు కాదు. కాని ప్రతి ఇంటి కప్పు, ప్రతి వీధి సిమెంటు, ప్రతి వాకిటి బండ నేలకు మూతవలె అమరినవి. పైనుండి పడు నీటికి లోపలికి పోవు దారి మూసి, లోపలి నీటిని పైకి లాగు గొట్టములను మాత్రము వేల సంఖ్యలో దింపితిమి. ఖర్చు నిలువక, జమ లేక, ఏ లెక్క నిలుచును?

హైదరాబాదు పరిసరముల నేల అడుగున నల్లసేనపు రాయి కలదు. నది ఒడ్డు ఇసుకలో వలె ఈ రాతిలో నీరు అంతటను నిండి యుండదు. పైనున్న శిథిలమైన రాతిపొర, అనగా మొరము, కొంత నీటిని పట్టి యుంచును; దాని క్రింద గట్టి రాతి నెరియలలో మాత్రమే నీరు దొరకును. ఆ నెరియలు ఎచ్చట నున్నవో పైకి కనబడవు. అందువలననే ఒకని బోరులో నీరు పడును, ప్రక్కవాని బోరులో దుమ్ము లేచును. పై పొర ఎండిపోయినచో జనులు ఇంకను లోతునకు దిగుదురు. వందల అడుగులు త్రవ్వినను రాతికి నీటిని పుట్టించు శక్తి లేదు. ఏటేట కురియు వానయే ఆ నెరియలకు ఆధారము. 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రహదారిమీదనే యున్నది. గట్టిరాతి నేలలలోని భూగర్భజలములు అచ్చటి శాస్త్రజ్ఞుల పరిశోధనా విషయములలో నొకటి. ఆ భవనము ముందునుండి నిత్యము నీటి ట్యాంకరులు పోవుచుండుట విచిత్రముగా తోచక మానదు.

వీరశైవులకు జలము క్రొత్త విషయము కాదు. అష్టావరణములలో పాదోదకము ఒకటి. గురు లింగ జంగమముల పాదోదకమును భక్తుడు కన్నుల కద్దుకొని స్వీకరించును. అందులో నొక బిందువైనను నేలపాలు చేయడు. ప్రసాదమును మిగుల్చరాదు, పాదోదకమును ఒలుకరాదు అని పిల్లలకు పెద్దలు నేర్పుదురు. కరతలమున ఇష్టలింగమును నిలిపి అభిషేకించుటకు ఉద్ధరిణెడు నీరు చాలును. గుడిలోని బిందెల అభిషేకమును వదలి, అరచేతిలో ఒదుగు పూజను సామాన్యునకు ఇచ్చిన మార్గమిది. ఇంత కొలతతో నీటిని వాడుట నేర్పిన సంప్రదాయమునకు చెందినవారి ఇండ్లలో, పూజ ముగిసిన వెనుక మేడపై తొట్టి నిండి గంటసేపు పొర్లుచున్నను పట్టించుకొనకుండుట ఎట్టి ఆచారము? పూజగదిలో ఒక నియమము, స్నానపుగదిలో మరియొక నియమము అను భేదమును బసవేశ్వరుడు అంగీకరింపలేదు. ఆయన దృష్టిలో నిత్యజీవితమంతయు లింగపూజయే.

నీటిని చూచినంతనే మునిగి, తమ పాపము పోయినదని తలచువారిని బసవేశ్వరుడు నిశితముగా విమర్శించెనని ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. నదిలో మునిగినందువలన మనస్సు మారదు. కావున నీటిని దేవతను చేసి దండము పెట్టి ఊరకుండుట ఆయన మార్గము కాదు. నీటిపట్ల మనము చేయు పని ఏది, అది ఎవరికి ఉపకరించును అనునదే ఆయన అడుగదగిన ప్రశ్న.

నగరము త్రాగు కృష్ణాజలము వచ్చిన దారిని ఒకసారి తలచినచో ఒడలు పులకరించును. మలప్రభ కృష్ణలో కలియు కూడలసంగమమున బసవేశ్వరుడు విద్య నభ్యసించెను, అచ్చటనే లింగైక్యము నొందెను. ఆ తావు దాటిన నది నారాయణపురము ఆనకట్ట యొద్ద నిలుచును. ఆ జలాశయమునకు బసవసాగరమని పేరు. అచ్చటినుండి తెలుగు నేలలో ప్రవేశించి, శ్రీశైల మల్లికార్జునుని కొండ పాదమును ఒరసికొని నాగార్జునసాగరమున చేరును. అక్కడినుండి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో నడిపించి, దాదాపు వేయి అడుగుల ఎత్తునకు విద్యుత్తుతో ఎగదోసి, హైదరాబాదునకు తెచ్చుచున్నారు. భక్తుని కంటికి ఇది పాదోదకము కాక మరి యేమి? ఇంత దూరము, ఇంత వ్యయము, ఇంత పవిత్రత గల నీటితో కారు కడుగుచు, ఆకాశమునుండి తనంత తాను ఇంటి కప్పుమీదికి దిగివచ్చిన నీటిని మురుగు కాలువలోనికి పంపుచున్నారు.

ఆకాశము నుండి దిగివచ్చునది ఎంత? లెక్క కష్టమైనది కాదు. ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. హైదరాబాదు ప్రాంతమున ఏటి వర్షపాతము సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియును. రెండువందల గజముల స్థలములో నూరు చదరపు మీటర్ల కప్పు గల ఇంటిపై సాధారణమైన ఏట 80,000 లీటర్లు పడును. ఆవిరియైనది, చెదరినది, మొదటి వానలో విడిచిపెట్టినది పోగా 60,000 లీటర్లు దక్కినను, అయిదువేల లీటర్ల ట్యాంకరులు పండ్రెండింటికి సమానము. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున అయిదుగురు గల కుటుంబమునకు ఇది దాదాపు మూడు మాసముల వాడుక. సంవత్సరమంతయు దీనితోనే గడచునని చెప్పుట అతిశయోక్తి. మూడు మాసములు గడచునని చెప్పుట మాత్రము సత్యము. ఆ మూడు మాసములే వేసవి మాసములైనచో?

2020 అక్టోబరు 13న కురిసిన వానను తూర్పు హైదరాబాదు మరువలేదు. పీర్జాదిగూడకు పొరుగుననే యున్న ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్కనాట 32 సెంటీమీటర్ల వాన నమోదైనది. పైన చెప్పిన నూరు చదరపు మీటర్ల కప్పుమీద అంతటి వాన కురిసినచో ఒక్క ఇంటినుండియే 32,000 లీటర్ల నీరు వీధిలోనికి దుముకును. వేయి ఇండ్ల నీరు ఒక్కసారి వీధికి చేరినప్పుడు కాలనీలు మునుగక యేమగును? ఇండ్లలోని బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకములు నానిపోయినవి, ప్రాణములును పోయినవి. అంతటి వరదను ఇంటింటి గుంతలే ఆపగలవని ఎవరును అనరాదు. కుంటలు, వాగులు వాటి స్థానములలో నుండవలెను. కాని ఆశ్వయుజమున నీటిలో మునిగి, చైత్రమున నీటికై బిందెలు పట్టుకొని నిలుచు ఊరికి వాన లేమి ఒక్కటే కారణమని చెప్పుకొనుట ఆత్మవంచన.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. అంగడి వీధులలో, ఇండ్ల ముంగిళ్లలో ఒలికిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఏరిన బియ్యమనునదే కన్నడమున అతని పేరైనది. ఆ గింజలతోనే అతని ఇల్లాలు లక్కమ్మ జంగమ దాసోహము నడిపెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఆశ మనకేల, అవసరమునకు మించినది శివునకు రుచింపదు, తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. మారయ్య మారుమాట లేక పోయి పోసి వచ్చెను.

ఈ కథ విన్నవారు లక్కమ్మ నిరాశను కొనియాడుదురు. దానిలో మరియొక భాగమును తరచుగా విడిచిపెట్టుదురు. ఒలికిన గింజ ఎవరి కంటికిని ఆననిది, తొక్కి పోవుచుందురు. మారయ్య దానిని వంగి ఏరెను. కప్పుమీద రాలిన చినుకు అట్టి గింజయే. దానిని ఏరుకొనుట మొదటి పాఠము, కావలసినంత ఉంచుకొని మిగిలినది తెచ్చిన చోటనే పోయుట రెండవ పాఠము. వాననీటి విషయమున ఈ రెండవ పాఠమునకు నిజమైన అర్థము కలదు. ఇంటి సంపులో పట్టినంత నీటిని వాడుకకు నిలువ చేసికొనవచ్చును. నిండగా పొర్లిన నీరు భూమిది. తోడుకొన్న చోటనే, అనగా బోరు ప్రక్కననే, ఇంకుడుగుంత త్రవ్వి దానిని భూమికి తిరిగి ఇయ్యవలెను. సంపు మారయ్య జోలె, ఇంకుడుగుంత లక్కమ్మ ఆజ్ఞ.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అది చిన్నది కాదు. "అయ్యగారూ, నా డబ్బు పెట్టి, నా వాకిట గుంత తీసి, నా కప్పునీటిని అందులో వదలితిని. ఆ నీరు నా గోడ క్రిందనే ఆగునా? ప్రక్కయింటి అపార్టుమెంటువారు నాకంటె లోతున మోటారు దింపినారు. నేను పోసినది వారు తోడుకొందురు. ఇక నాకేమి మిగులును?" అని జంగమయ్యలను అడుగు గృహస్థులు కలరు. ఈ ప్రశ్నను లోభమని త్రోసివేయుట న్యాయము కాదు. భూగర్భమున ప్రహరీగోడలు లేవు. రాతి నెరియ ఎటు పోయిన నీరు అటు పోవును. తాను పోసిన నీరు తన బోరునకే వచ్చునని ఏ ఇంజనీరును హామీ ఇయ్యలేడు.

దాసోహమునకు, దానమునకు గల భేదము ఈ ప్రశ్న యొద్దనే తేలును. దానము చేయువాడు తనది ఇచ్చుచున్నానని తలచును, పుచ్చుకొన్నవాడెవడో తెలిసికొనగోరును, కనీసము ఒక నమస్కారమును ఆశించును. దాసోహము చేయువాడు ఇది నాది కాదు, శివునిది శివునకే ఒప్పగించుచున్నానని తలచును. ఆ గృహస్థు తోడుకొన్న నీరు మాత్రము అతని గోడ క్రింద పుట్టినదా? ఎవరో ఎన్నడో దున్నిన పొలములో, ఎవరో కట్టిన కుంట అడుగున ఇంకిన వానయే నిన్నటి వరకు అతని కొళాయిలో పారినది. ఆ కుంట కట్టినవాని పేరు అతనికి తెలియదు. కావున గుంతలో పోయు నీరు దానము కాదు, తీర్చుచున్న అప్పు. అప్పు తీర్చినవాడు ఆ ధనమును ఋణదాత ఎట్లు ఖర్చు చేయునో విచారింపడు గదా!

అయినను అపార్టుమెంటువారి సంగతిని ఇంతటితో విడువరాదు. నీటిమట్టము దిగినప్పుడు మొదట ఎండునది లోతు లేని బోరు, వీధి చేతిపంపు. వాటిపై ఆధారపడినవారు కూలివారు, అద్దె గదులలోనివారు. వేయి అడుగులకు దింపగల ధనవంతునకు ఆ కరవు మరి కొన్ని నెలలకు గాని తెలియదు. అనుభవ మంటపమున అన్ని వృత్తులవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన బసవేశ్వరుని అనుయాయులు, భూగర్భమున మాత్రము పంక్తిభేదము పాటింపవచ్చునా? ఎక్కువ లోతు దింపినవాడు ఎక్కువ ఇంకింపవలెనని అడుగుట అసూయ కాదు. అది లక్కమ్మ మాటయే. 2002 నాటి నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టము, జనులు వాల్టా యని పిలుచునది, బోర్లపై అదుపును, వాననీటి సంరక్షణను విధించినది. చట్టము ఆజ్ఞాపించును, కాని మనస్సులోనికి దిగదు.

మనస్సులోనికి దిగని పని ఎట్లుండునో సొన్నలిగె సిద్ధరాముని చరిత్ర తెలుపును. సొన్నలిగె యనగా నేటి సోలాపురము. తెలంగాణమునుండి వెళ్లిన తెలుగు నేతవారు తరతరములుగా మగ్గములు నడిపిన పట్టణము. శ్రీశైల మల్లయ్యపై భక్తితో పెరిగిన సిద్ధరాముడు అచ్చట జనులను కూర్చి పెద్ద చెరువు త్రవ్వించెను, గుడి కట్టించెను. సిద్ధేశ్వర సరోవరము నేటికిని ఆ నగరము నడుమ కలదు. అల్లమ ప్రభువు ఆ దారిన వచ్చి, చెరువు పనిలో మునిగియున్న సిద్ధరాముని మన్ను మోయు కూలివానిని పిలిచినట్లు పిలిచెనట. పనివారు కోపించిరి, సిద్ధరాముడును కోపించెను. ఆ కోపమునే ప్రభువు అతనికి చూపెను. చెరువు త్రవ్వినవానిలో త్రవ్వించితినను అహంకారము మిగిలియున్నచో, త్రవ్వవలసిన చోటు ఇంకను ఒకటి కలదని బోధించెను. పిదప సిద్ధరాముడు కల్యాణమునకు పోయి చెన్నబసవణ్ణ చేత ఇష్టలింగ దీక్షను పొందెను. తరువాత శూన్యసింహాసనము నధిష్ఠించెను.

ఈ వృత్తాంతమును చూపి, అల్లముడు చెరువుల పనినే నిందించెనని వాదించువారు కొందరు. అది పొరపాటు. ప్రభువు చెరువును పూడ్పించలేదు. మన్ను మోయుట నీచమనియు చెప్పలేదు. కాయకమే పూజయైన చోట ఏ పనియు నీచము కాదు. ఆయన తాకినది కర్తయను భావమును. నేటి ఇంకుడుగుంతలకు ఈ హెచ్చరిక తగినదే. ఇల్లు కట్టుటకు అనుమతి కావలెనని గుంత తీసి, ఛాయాచిత్రము తీయించి, మరునాడే బండ పరచినవారు లేకపోలేదు. ప్రారంభోత్సవమునాడు కొబ్బరికాయ కొట్టి, పై ఫలకముపై పేర్లు చెక్కించి, ఆపై ఏటికొకమారైనను మూత తీసి చూడని గుంతలును కలవు. పూడిక నిండిన గుంత విభూతి పూసికొని లోపల శివచింత లేని దేహము వంటిది. బయటి గుర్తు కలదు, పని లేదు.

పనిచేయు గుంతకు పెద్ద విద్య అక్కరలేదు. కప్పుమీది నీరంతయు ఒక గొట్టమునకు చేరునట్లు వాలు చూచుకొనవలెను. తొలకరి మొదటి వాన దుమ్మును, పక్షుల రెట్టను, ఎండుటాకులను కడిగి తెచ్చును. దానిని లోనికి రానీయక బయటికి వదలుటకు గొట్టమునకు ఒక మళ్లింపు ఉండవలెను. గుంతలో అడుగున పెద్ద కంకర, దానిపై చిన్న కంకర, పైన ముతక ఇసుక పరచవలెను. నీరు వడకట్టుకొని దిగును. మరుగుదొడ్డి గుంతకు దూరముగా తీయవలెను. మురుగునీరు, సబ్బునీరు ఎన్నడును అందులో కలియరాదు, ఏలయనగా రాతి నెరియలలోనికి పోయిన కల్మషమును తిరిగి తీయు ఉపాయము లేదు. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు చెట్లకు పోయవలెను. అవి గుంతకు గాని కాలువకు గాని పోవలసిన పని లేదు. అడుగుననే గట్టి బండ తగిలిన స్థలములో గుంత నిండి నిలుచునే గాని ఇంకదు. అట్టిచోట సంపునే పెద్దది చేసికొనుట మంచిది, లేదా నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి మొరము దొరకు చోటును వెదకుట మంచిది. నీరులేక మూలబడిన పాత బోరు ఉన్నచో, బాగుగా వడకట్టిన నీటిని దాని చుట్టు తీసిన గుంతద్వారా దింపవచ్చును.

పూర్వులు ఒక్కొక్క ఇంటికి కాక ఊరికంతకు ఈ ఏర్పాటు చేసిరి. కాకతీయుల కాలపు తెలంగాణమున చెరువులను గొలుసుగా కట్టిరి. పై చెరువు నిండి మత్తడి దూకినచో ఆ నీరు క్రింది చెరువునకు పోవును. తాను నిండిన పిదప క్రిందివానికి విడుచుటయే ఆ గొలుసులోని నియమము. రాతితోను మట్టితోను కట్టిన దాసోహమనవచ్చును. హుస్సేన్ సాగరమును 1562 ప్రాంతమున కట్టించిన హుస్సేన్ షా వలీ సూఫీ భక్తుడు. పీర్జాదిగూడ పేరులోనే పీరు మాట వినబడుచున్నది. వాన ఏ మతమువాని కప్పో చూచి కురియదు, చెరువు త్రవ్వినవారును త్రాగువాని కులమును అడుగలేదు. గొలుసు ఎక్కడ తెగినదో అక్కడ నేడు కాలనీలు మునుగుచున్నవి. అంబర్‌పేటలో పూడి మాయమైన బతుకమ్మ కుంటను 2025లో మరల త్రవ్వి నీటితో నింపగలిగిరన్న వార్త, తెగినది మరల అతుకబడగలదన్న మాటకు సాక్ష్యము.

జంగముడు వాకిటికి వచ్చునప్పుడు ముందుగా వర్తమానము పంపడు. వచ్చినవానిని నిలిపి, పాదములు కడిగి, ఆసనమిచ్చి, ఉన్నది వడ్డించుట భక్తుని ధర్మము. తలుపు తీయక వీధి చివరకు పంపివేసినచో ఆ ఇంట లింగపూజ ఎంత జరిగినను లోపమే. వానయును అట్లే చెప్పక వచ్చును, ఒకచోట నిలువక పోవును. దానికి ఇంటిలో ఆసనము సిద్ధముగా నున్నదా అని మేడపైకెక్కి చూచుకొనుటకు బసవ జయంతికంటె తగిన దినము లేదు. జయంతికిని, జూన్ మాసమున ప్రవేశించు మృగశిర కార్తెకును నడుమ కొన్ని వారముల వ్యవధి మాత్రమే యుండును. చలివేంద్రపు పందిరి వేసిన పడుచువాండ్రే ఒక ఆదివారము పారలు పట్టుకొని, సమాజ మందిరపు కప్పు ఊడ్చి, గొట్టములోని ఆకులు తీసి, గుంత మూత ఎత్తి, పై ఇసుకను తోడి కడిగి మరల పరచినచో ఆ పని పూటలో ముగియును. పిదప అదే వీధిలో, మోకాళ్లనొప్పులతో మేడ యెక్కలేని ముదుసలుల ఇండ్లు ఎన్నియున్నవో చూచి, వారి కప్పులనుకూడ ఊడ్చి రావలెను. మొదటి వాన కురిసిన రాత్రి మళ్లింపు మూత తిప్పుటకు ఎవరు మేల్కొనియుందురో ఆనాడే నిర్ణయించుకొనవలెను.